సాధన చేసినవారిదే వాద్యం

పెళ్లి బరాత్‌లో క్లారినెట్ వినే ఉంటారు. అది ఐరోపా నుంచి వచ్చింది. వయొలినూ అంతే. కానీ సాధన చేసినవారిదే వాద్యం.

ఈ ఉదయం వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని తలుచుకుందాం. ఆయనకు చూపు మందం. చెవి మాత్రం మహా చురుకు. 1919లో, ఇంకా ముప్పై ఏళ్లు రాకముందే, విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ గురువయ్యారు. తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఎన్ని కచేరీలు చేసినా పాఠం వదల్లేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

వయొలిన్ మీద కమాను లాగడం చూడ్డానికి తేలిక. కొత్తవాళ్లు లాగితే కీచుమంటుంది. ఆ కీచు పోయి గమకం పలకాలంటే ఏళ్లు పడుతుంది. చేంతాడు ఒరిసి ఒరిసి బావిగట్టు రాతికి గాడి పడినట్టు, రోజూ అదే పని. అవును, సాధన చేసినవారిదే వాద్యం.

క్లారినెట్ విషయంలోనూ అంతే. తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్‌గారు దాన్ని కర్ణాటక కచేరీలో ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. మీ ఊరి బ్యాండులో క్లారినెట్ ఊదే పెద్దాయన ఉన్నారా? ఈ సెలవుల్లో మీ పిల్లల్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి.