వేషం తీసేశాక ఎవరు?

కాలిఫోర్నియాలో మొజావీ ఎడారి ఉంది. ఆ ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ అనే సైనిక స్థావరం ఉంది. అందులో కొన్నేళ్ళపాటు ఒక ఇరాకీ ఊరు ఉండేది. పేరు మదీనా వస్ల్. ఊళ్ళో బజారుంది. గోడల మీద అరబ్బీ రాతలున్నాయి. మసీదుంది. అది నమాజు కోసం కట్టిన మసీదు కాదు. ఆ ఊళ్ళో చచ్చినవాళ్ళు సాయంత్రానికి లేచి అన్నాలు తినేవారు. ఎందుకంటే అది ఊరు కాదు, ఊరి సెట్టింగు. 2003లో ఇరాక్ మీద దండెత్తిన అమెరికా, అక్కడికి పంపబోయే సైనికుల్ని ముందు ఇలాంటి ఊళ్ళలో తిప్పి తర్ఫీదు ఇచ్చింది. తుపాకులకు లేజర్ పరికరాలు బిగించేవారు. ఒంటి మీది పరికరం మోగితే దెబ్బ తగిలినట్టు లెక్క.

ఆ ఊరి జనంగా ఉండటానికి జీతానికి కుదిరినవాళ్ళలో నిజమైన ఇరాకీలు కూడా ఉన్నారు. పుట్టిన దేశం విడిచి అమెరికా చేరినవాళ్ళు. విడిచి వచ్చిన ఊరినే రోజు కూలికి మళ్ళీ బతికి చూపించినవాళ్ళు. 2008లో వచ్చిన 'ఫుల్ బ్యాటిల్ రాటిల్' డాక్యుమెంటరీ వాళ్ళని చూపించింది. 2025లో హెయిలీ గేట్స్ ఇలాంటి ఊరినే తీసుకుని 'అట్రోపియా' అనే సినిమా తీసింది. అట్రోపియా అన్నది అమెరికా సైన్యం తన విన్యాసాల కోసం కల్పించుకున్న ఒక దేశం పేరు. ఆ ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవంలో అమెరికన్ కథాచిత్రాల విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి దానికే వచ్చింది.

యుద్ధ సినిమా కాదది. ప్రేమకథ. పైగా నవ్వించే ప్రేమకథ. కాలం 2006. ఫైరూజ్ ఇరాకీ మూలాలున్న అమ్మాయి. నటి కావాలని కలలు కంటూ ఆ బూటకపు ఊళ్ళో వేషాలు వేస్తుంటుంది. ఆ పాత్ర వేసిన అలియా షౌకత్ తండ్రి కూడా ఇరాకీయే. అబూ డైస్ పేరుతో తిరుగుబాటుదారు వేషం కట్టినవాడు నిజానికి అమెరికన్ సైనికుడు. ఇరాక్ యుద్ధం చూసి వచ్చినవాడు. నిన్నటిదాకా ఎవరి మీద తుపాకీ ఎత్తాడో ఇవాళ వాళ్ళ వేషమే వేస్తున్నాడు. వీళ్ళిద్దరికీ మనసులు కలుస్తాయి. నటనలో నటన కానిదేదో చొరబడుతుంది. దాంతో ఆట చెడిపోయే పరిస్థితి వస్తుంది.

నవ్వు వస్తుంది. నవ్వాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇద్దరూ వేషగాళ్ళే. అబూ డైస్ వేషం తీసేస్తే మామూలు అమెరికన్. మరి ఫైరూజ్ వేషం తీసేస్తే? ఆమె మొహం అదే. పేరులోని అరబ్బీ వాసన అదే. ఆమె సెట్టింగు దాటి బయటికొచ్చినా, చూసేవాడి కళ్ళలో సెట్టింగు ఉండనే ఉంటుంది. ఒకే నాటకంలో ఒకరికి అది పాత్ర, ఒకరికి బతుకు. ఇదేం న్యాయం?

తొందరపడకుండా అవతలి మాట కూడా వినాలి. ఈ తర్ఫీదులో మంచి లేదా? ఉంది. భాష రాని ఊళ్ళో, తలుపు వెనక ఎవరున్నారో తెలియని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు భయంతో కాల్చేస్తాడు. అదే కుర్రాడు ఒక ముసలామె ఏడుపు ముందే విని ఉంటే, చేయెత్తి సలాం చేయడానికీ దాడి చేయడానికీ తేడా తెలిసి ఉంటే, ఒక్క క్షణం ఆగవచ్చు. ఆ క్షణంలో ఒక ఇల్లు మిగలవచ్చు. 2005 నవంబరులో హదీసా పట్నంలో అమెరికన్ మెరైన్ల చేతుల్లో 24 మంది మామూలు జనం చచ్చిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు, పసిపిల్లలున్నారు. ఒక్క సైనికుడు కూడా దానికి జైలుశిక్ష అనుభవించలేదు. అలాంటి వార్త విన్న ఇరాకీ ఎవరైనా, 'ఈ కుర్రాళ్ళకు నేను కాస్త నేర్పితే మావాళ్ళ తలుపు తన్నకుండా ఉంటారేమో' అనుకుని ఆ కొలువులో చేరి ఉంటే, అతన్ని అమ్ముడుపోయినవాడు అనగలమా? నేను అనలేను. పొట్ట కోసమే చేరినా అనలేను.

తప్పు వేషం కట్టినవాడిది కాదు. కట్టించినవాడి రాతలో ఉంది. ఆ ఊళ్ళో ఊరివాళ్ళకు చాలా మాటలు ఇచ్చారు. ఏడవవచ్చు. నీళ్ళు లేవని అరవవచ్చు. కొడుకు చచ్చాడని సైనికుడి కాలరు పట్టుకోవచ్చు. ఒక్క ప్రశ్న మాత్రం ఆ తర్ఫీదుకి పనికిరాదు: 'అసలు మీరు మా ఊరికెందుకొచ్చారు?' ఉన్నాయన్న మారణాయుధాలు దొరకలేదు. సెట్టింగులో అన్నిటికన్నా పెద్ద సెట్టింగు అదే. దాన్ని అడిగే పాత్ర ఏ ఊరివాడికీ రాయలేదు. ఊరివాడు అక్కడ మనిషి కాదు. సైనికుడి పరీక్ష పేపర్లో ఒక ప్రశ్న. పాసయ్యేదీ ఫెయిలయ్యేదీ సైనికుడే. యుద్ధం అఫ్గానిస్తాన్ వైపు తిరిగినప్పుడు ఆ ఎడారి ఊళ్ళ వేషమూ అఫ్గాన్ వేషమైంది. బోర్డు మార్చారు, ఊరు మారిపోయింది. చూసేవాడికి అంతకుమించిన తేడా అవసరం లేదు.

నేనిక్కడ, తెలుగునాట కూచుని ఎక్కడో అమెరికా ఎడారి గురించి ఇంతగా ఎందుకు ఉడికిపోతున్నాను? చెబుతాను.

మాది దూదేకుల కుటుంబం. మా ఇంట్లో తెలుగే. మా అమ్మ దువా చేసినా తెలుగులోనే చేస్తుంది. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి నాటకం వేశారు. సుల్తాను పాత్ర నాకిచ్చారు. నేను అడగలేదు. 'నీకైతే సరిగ్గా సరిపోద్దిరా' అన్నారు మాస్టారు. మాస్టారు మంచివారు. నామీద ప్రేమతోనే ఇచ్చారు. రిహార్సల్లో నేను డైలాగు చెబితే ఆయన నవ్వారు. 'ఒరేయ్, సాయిబులు అట్టా మాట్లాడతార్రా? అరే, తుమ్, హమ్ అని యాస పెట్టు' అన్నారు. సాయిబు ఎలా మాట్లాడతాడో సాయిబుల పిల్లాడికి నేర్పారాయన. నేను నేర్చుకున్నాను. చప్పట్లు కొట్టారు. బహుమతి కూడా వచ్చింది.

ఆ యాస మాస్టారికి ఎక్కడిది? మన సినిమాలదే. నెత్తిన టోపీ, మెడలో తాయెత్తు, వచ్చీరాని తెలుగు. అయితే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడు, లేదంటే బాంబు పెట్టేవాడు. కరెంటు బిల్లు కట్టలేక సతమతమయ్యే సాయిబు, కూతురి లెక్కల మార్కులు చూసి దిగులుపడే సాయిబు మాత్రం బహు అరుదు.

పెద్దయ్యాక లౌకికవాద మిత్రులు దొరికారు. వాళ్ళలో ఒకాయన మెచ్చుకోలుగా అన్న మాట: 'నువ్వసలు ముస్లింలా ఉండవోయ్.' ముస్లింలా ఉండటం లేదని మాస్టారు దిద్దారు. ముస్లింలా ఉండటం లేదని మిత్రుడు మెచ్చుకున్నాడు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే నమూనా. ఆ నమూనా నేను రాకముందే తయారై ఉంది. మన పెద్దలకూ ఒక మాట చెప్పాలి. 'ఇంట్లో తెలుగేంటి, మీరేం ముస్లింలు?' అన్న మనవాళ్ళ దగ్గర ఉన్నదీ ఒక నమూనాయే.

అందుకే ఆ సినిమా ప్రేమకథ కావడం నాకు నచ్చింది. ఇద్దరు పెద్ద తారల్ని ముందు నిలబెట్టి, ఊరి జనాన్ని వెనకే ఉంచిందన్న అసంతృప్తి నాకూ ఉంది. అయినా అది ఒక నిజం పట్టుకుంది. తర్ఫీదు అంటే అవతలివాడు ఏం చేస్తాడో ముందే తెలిసి ఉండటం. ప్రేమ అంటే తెలియదని ఒప్పుకోవడం. అవతలి మనిషి ఏమంటాడో అని చెవి ఒగ్గడం. రాసిపెట్టిన మాటల మధ్య ఆ ఇద్దరూ రాయని మాట కోసం ఎదురుచూశారు. అందుకే ఆట చెడే పరిస్థితి వచ్చింది. అలాంటి ఆట చెడితేనే మంచిది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రోజు రిహార్సల్లో యాస నేర్పేముందు ఆయన నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, అంతే.

'మీ ఇంట్లో ఎట్టా అంటార్రా?'