ఓడినవాడు ఎవరివాడు?

గెలిచినప్పుడు అందరివాడైన మనిషి, ఓడగానే కొందరివాడు ఎందుకైపోతాడు? ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో తగల్లేదు. చదరంగం బల్ల దగ్గర తగిలింది.

అది చుట్టుపక్కల జిల్లాల జట్ల పోటీ. మా ఊరి జట్టు ఫైనల్‌కి వచ్చింది. జట్టంటే నలుగురు, నాలుగు బోర్డులు. రెండో బోర్డులో, నాలుగో బోర్డులో కూర్చున్నది మేమిద్దరం, సాయిబుల పిల్లలం. మొదటి బోర్డులో మా మిత్రుడు ఓడాడు. రెండో బోర్డులో మేం గెలిచాం. మూడోది డ్రా. చెరి ఒకటిన్నర. ఇక మిగిలింది నాలుగో బోర్డు.

అక్కడ ఆట సమంగా ఉంది. చెరో ఏనుగు, చెరి నాలుగు బంట్లు. అవతలి కుర్రాడు డ్రా అడిగాడు. మామూలుగానైతే ఒప్పుకోవలసిన ఆటే. కాని రెండు-రెండు అయితే పై బోర్డులో గెలిచిన జట్టుదే కప్పు అని ఆ పోటీ నిబంధన. మొదటి బోర్డు వాళ్లది. అంటే డ్రా అయినా మేం ఓడినట్టే. ఎత్తులు చెప్పకూడదు గాని, డ్రా ఒప్పుకోవాలో వద్దో కెప్టెన్ చెప్పొచ్చు. వద్దన్నాడు. లేని గెలుపు కోసం ఒక బంటును ముందుకు తోశాం. ఆ బంటు పోయింది. దాని వెనకే ఆటా పోయింది.

గంట క్రితం రెండో బోర్డు గెలిచినప్పుడు ‘మన ఊరి కుర్రాడు’ అని భుజం తట్టిన పెద్దాయన హాలు బయట ఎదురయ్యాడు. ‘మీవాడు ముంచేశాడయ్యా’ అన్నాడు. ఎవరితో? ఆ గెలిచిన కుర్రాడితోనే! గంటలో ‘మన’ నుంచి ‘మీ’లోకి వచ్చి పడ్డాం. ఆయన చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట ఇంకా నొప్పిపెట్టింది.

మొదటి బోర్డులో ఓడినవాణ్ణి ఎవరూ ‘మీవాడు’ అనలేదు. అనాలని మేం కోరడమూ లేదు. అతని ఓటమి అతనిది, ఆ పూటది. మా ఓటమి మాత్రం మా పేర్లన్నిటికీ చుట్టుకుంది. క్రికెట్ చూస్తుంటే ‘మీరెవరి పక్క?’ అని అడుగుతారే, ఇది దాని చుట్టమే.

నిజం చెప్పాలంటే ఆ డ్రా ఒప్పుకోవాలని మాకూ అనిపించింది. ఒప్పుకుంటే మా పేరు మీద ఓటమి ఉండేది కాదు. కప్పు ఎలాగూ పోయేది, నింద మొదటి బోర్డుకి పోయేది. తప్పు చేస్తే తనవాళ్లందరి మీదికీ వస్తుందని భయపడేవాడు ఎప్పుడూ క్షేమమైన ఎత్తే వేస్తాడు. అతను మంచి పేరు కోసం ఆడతాడు, జట్టు కోసం ఆడలేడు. సమానత్వమంటే గెలిచే హక్కొక్కటే కాదు. అందరిలా ఓడిపోయే హక్కు కూడా.

రాత్రి బస్సులో మొదటి బోర్డు మిత్రుడు లెక్క చెప్పాడు: ‘నేను డ్రా చేసుంటే మనకి రెండు ఉండేవిరా. అప్పుడు నువ్వు డ్రా ఒప్పుకున్నా కప్పు మనదే. నా ఓటమి నీ నెత్తిన పడింది.’ ఆ లెక్కలో తప్పు లేదు. ఆ రోజు ‘మనం’ అనే మాటను సరిగ్గా వాడినవాడు అతనొక్కడే.

మరి మేం? మాకూ ఒక అలవాటుంది. మీర్ సుల్తాన్ ఖాన్ పేరు వినగానే ‘మావాడు’ అంటాం. పంజాబ్‌లో ఒక జమీందారు కొలువులోని మనిషి. 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్. ఒలింపియాడ్‌లో ఇంగ్లండ్ జట్టుకి మూడుసార్లు ఆడాడు. 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఆయన చనిపోయింది 1966లో! భోపాల్ వడ్రంగి రఫీక్ ఖాన్ 1980లో మాల్టా ఒలింపియాడ్‌లో వెండి పతకం తెచ్చాడు. ఆయనా ‘మావాడే’. మరి ఓడి, పేరు లేకుండా ఇంటికి పోయిన సాయిబుల్ని ఎప్పుడైనా ‘మావాళ్లు’ అన్నామా? గెలుపును మతం ఖాతాలో వేసుకుని, ఓటమి దగ్గరకొచ్చేసరికి ‘అది వ్యక్తిగతం’ అంటే, ఆ పెద్దాయన్ని అడిగే నోరు మనకుంటుందా?

ఈ ఆటే ఒకరిది కాదు. ఇక్కడ చతురంగంగా పుట్టి, ఇరాన్ పోయి, అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరింది. ఫార్సీ ‘షా మాత్’ ఇంగ్లీషులో ‘చెక్‌మేట్’ అయింది. ఫీల్ అంటే ఏనుగే. కాని ఉర్దూ వాళ్ల ఫీల్ ఏటవాలుగా పోతుంది, తెలుగు వాళ్ల ఏనుగు తిన్నగా పోతుంది. పేర్లు తారుమారైనా బల్ల ఒకటే.

2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో అమెరికాతో పోటీలో మన జట్టు ఒక బోర్డు ఓడింది. వరంగల్ కుర్రాడు అర్జున్, ఇంకొక బోర్డులో గుకేశ్ గెలిచారు. మిగిలింది డ్రా. రెండున్నర, ఒకటిన్నర. ఓడిన కుర్రాడికీ స్వర్ణమే వచ్చింది. అతనెవరివాడని దేశం అడగలేదు. అడగకపోవడమే సరైనది.

ఆ సరైనది నాలుగో బోర్డు సాయిబు పిల్లవాడిదాకా రావాలి. అదొక్కటే మేం అడుగుతున్నది.