కూతలో యుక్తి, కూతలో మోసము



గత క్రిస్మసు సెలవులలో మన యౌవనస్థులకు కబడ్డీ పోటీ పెట్టినప్పుడు ఒక చిన్న తగువు వచ్చింది. రెండు పాయింట్లు ముందున్న జట్టు చివరి అయిదు నిమిషములు ఆట ఆడనే లేదు. కూతకు వెళ్ళినవాడు అవతలి అడ్డగీతను దాటడము, ఎవరి దరికీ పోక అక్కడే నాలుగు అడుగులు అటూ ఇటూ వేయడము, తిరిగి వచ్చేయడము. అలాగే గెలిచారు. ఆట అయిన తరువాత ఓడిన జట్టు కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చి, "అంకుల్, వాళ్ళు చేసింది తప్పా కాదా?" అని అడిగాడు. మనము పెట్టుకున్న రూలు ప్రకారము తప్పు లేదన్నాను. "రూలు అడగలేదు అంకుల్, తప్పా అని అడిగాను" అన్నాడు. వెంటనే నాకు జవాబు తోచలేదు. కొన్ని వారములుగా ఆ ప్రశ్న నన్ను వదలనందున మీ ముందు పెడుతున్నాను. ఆటల గూర్చి ఇక్కడ వ్రాయవచ్చునా అనుకునేవారికి ఒక మాట: పౌలు అంతటివాడే పందెపు రంగమును ఉపమానముగా వాడుకున్నాడు.

నేను పాతపాళ్యలో పెరిగినవాడను. అప్పటికి చిక్కబళ్ళాపురము జిల్లా లేదు, అది 2007లో ఏర్పడినది, మాది కోలారు జిల్లాయే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము, బయట ఆటలో రెండూ. వేరుశనగ పీకిన చేనిలో మడమతో గీత గీసి ఆడేవాళ్ళము. అంపైరు లేడు, గడియారము లేదు. కూత తెగిందా లేదా అన్నది పది చెవులు వినేవి. చెయ్యి తగిలిందా లేదా అన్నది మాత్రము తగిలినవాడికే తెలుసు. తగిలితే తానే తల వంచుకుని ప్రక్కకు వెళ్ళి కూర్చోవలెను. ఆట అంతా ఆ ఒక్క నమ్మకము మీద నడిచేది.

అయితే మేము అమాయకులమని అనుకోవద్దు. యుక్తులు ఎన్నో ఉండేవి. ఎడమ మూలవాడిని చూస్తూ కుడి మూలవాడిని తన్నడము, కాలు అందించినట్లే అందించి పట్టబోయినవాడి చెయ్యి తాకి పరుగెత్తడము, అలసినట్లు కూత తగ్గించి వారు దగ్గరకు రాగానే దూకడము. ఇవన్నీ ఎదుటివాడిని నమ్మించి తప్పుదారి పట్టించడమే గదా? మాటలో చేస్తే అబద్ధము, కాలితో చేస్తే ఆట. ఎందుకని? ఆ బరిలోనికి వచ్చిన ప్రతివాడూ ఇటువంటివి ఉంటాయని తెలిసి, ఒప్పుకుని వచ్చాడు గనుక. పైగా వాడికి ఎదురు యుక్తి ఉంది. కాలు చూపినవాడి నడుము పట్టవచ్చును. ఎదురు చెప్పే అవకాశము ఎదుటివాడికి ఉన్నంతవరకు యుక్తిని మోసమనడము సరికాదని నా అభిప్రాయము.

మరి కాలము గడిపేవాడి సంగతి? ఇక్కడే చిక్కు. వాడు ఎవరినీ మోసము చేయలేదు. తన ఉద్దేశమును పట్టపగలు చూపిస్తూనే చేశాడు. కాని ఎదుటివాడికి ఎదురు యుక్తి లేకుండా చేశాడు. తాకే దూరములోనికే రానివాడిని పట్టేదెలా? 2014లో ప్రో కబడ్డీ లీగు వచ్చిన తరువాత ఈ చిక్కుకు ఒక మందు బాగా వాడుకలోనికి వచ్చింది: వరుసగా రెండు కూతలు వట్టివి పోతే మూడవ కూతలో పాయింటు తేవలెను, లేనిచో కూతగాడే ఔటు. ఐర్లండు దేశములో హర్లింగ్ అని కర్రతో బంతిని కొట్టే ప్రాచీనమైన ఆట ఉంది, జట్టుకు 15 మంది. అక్కడ ఒక ఆటగాడిని అదనముగా వెనుకకు లాగి కాపలా పెట్టే ఎత్తుగడ వచ్చినప్పుడు, ఆట అందము పోయిందని పాతతరము వారు గొణిగారు. దానిని ఎవరూ నిషేధించలేదు, ఎదుటి జట్టే విరుగుడు కనుక్కోవలసి వచ్చింది. కాని గోలు చేయబోతున్నవాడిని కావాలని పడదోసి, చిన్న శిక్షతో పెద్ద నష్టమును తప్పించుకునే అలవాటుకు మాత్రము 2021లో కొత్త రూలు తెచ్చారు: గోలు ముందరి హద్దులో అలా చేస్తే పెనాల్టీ, చేసినవాడు 10 నిమిషములు బయట. రెండూ ఎత్తుగడలే, రెండింటినీ ఒకే తీరుగా చూడలేదు. ఈ భేదము నాకు న్యాయముగానే తోచింది.

రూలు వచ్చాక సమాధానము సులభము. రూలు రాకముందు అదే పని చేసినవాడు నిర్దోషియా? 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్ గుర్తున్నదా? తరువాతి దశలో సులభమైన ప్రత్యర్థి దొరకవలెనని కావాలని ఓడబోయిన నాలుగు జంటలను, చైనాది ఒకటి, దక్షిణ కొరియావి రెండు, ఇండోనేషియాది ఒకటి, పోటీ నుండి తీసివేశారు. పతకము కొరకే చేశాము, పద్ధతియే అలా ఉందని వాదించవచ్చును. ఆ వాదనలో కొంత నిజము లేకపోలేదు. మన గుత్తా జ్వాల, కర్ణాటక అమ్మాయి అశ్విని పొన్నప్ప మాత్రము గెలవడానికే ఆడి, ఒక్క పాయింటు తేడాలో తరువాతి దశకు చేరలేకపోయారు. వేరొక ఆటపై మనవారు చేసిన ఫిర్యాదు కొట్టివేయబడింది. ఆ దినమున గెలవకూడదని రాకెట్టు పట్టినవారికి ఈల వేసిన జనులు రూళ్ళ పుస్తకము చదివి ఈల వేయలేదు.

ఇతరుల తప్పు చూపడము సులభము గనుక మనది కూడా చెప్పవలెను. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ ఫైనలు, ఇరానుతో. చివరి ఘడియలలో 28-28 ఉండగా పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళాడు. మునుపు బెంగళూరు బుల్స్‌కు ఆడినవాడు, ఆ తరువాత రోజులలోనే తెలుగు టైటాన్స్ వారు 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి తీసుకున్నది ఇతనినే. ఎవరినీ తాకకుండానే ప్రక్కనున్న లాబీలో అడుగు పెట్టాడు. ఇరాను వారు వెంటబడి తామూ లాబీలోనికి వచ్చారు. పాత రూలు ప్రకారము వచ్చినవారందరూ ఔటు. కొత్త రూలు ప్రకారము కూతగాడొక్కడే ఔటు. ఏ రూలు? దాదాపు గంటసేపు ఆట నిలిచిపోయింది, ఇరువైపుల వారూ నిరసన తెలిపారు. చివరికి మనము 33-29తో గెలిచాము. నేను టీవీ ముందు చప్పట్లు కొట్టాను. ఇరాను వారి స్థానములో మనముంటే నేనేమి అని ఉండేవాడనో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు నా సంగతి. నాకు పదునాలుగేండ్లప్పుడు ప్రక్క ఊరి పిల్లలతో పందెము పెట్టుకున్నాము. చివరిగా మాలో నేనొక్కడనే మిగిలాను. కూతకు వచ్చినవాడి వేళ్ళు నా చొక్కా అంచును తాకాయి. అతడు గీత చేరి "తగిలింది" అన్నాడు. మావాళ్ళందరూ నావైపు చూశారు. తగలలేదన్నాను. అతడు వాదించలేదు. నా ముఖము చూసి, "నువ్వు చెప్తే సరే" అని తన వైపు వెళ్ళాడు. మేము గెలిచాము. దానిని నేను చాలా కాలము తెలివి అని చెప్పుకుని తిరిగాను. ఆ చేనిలో అబద్ధమాడరాదని ఎవరూ రూలు వ్రాయలేదు, వ్రాయనక్కరలేదు గనుక. నేను వాడుకున్నది రూలులోని సందును కాదు, అతడు నా మాటపై పెట్టిన నమ్మకమును. ఎదురు యుక్తి అతడికి ఏముంది?

కాలము గడిపిన మన పిల్లలు ఇంత దూరము పోలేదు. వారిది నా తప్పు కన్నా చాలా చిన్నది, బహుశా తప్పే కాదేమో. అయినను చూడవచ్చిన పెద్దలను, ఎదుటి పిల్లలను అయిదు నిమిషములు ఉత్తినే నిలబెట్టారు. గెలుపు వారిదే, దానిని తీసివేయమని నేను అనను. మూడవ కూత రూలును వచ్చే పోటీకి పెట్టుకున్నాము.

అడిగిన కుర్రవాడికి ఈ వాదములన్నీ చెప్పలేదు, చేనిలో జరిగింది ఒక్కటే చెప్పాను. కొంతసేపు ఊరకుండి, "ఆయన ఇప్పుడెక్కడున్నాడు అంకుల్?" అన్నాడు. చేళూరు వైపు ఉన్నాడని ఎవరో అనగా విన్నాను. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అడిగి చూడవలెను.