నక్షత్రాల చదువు చదువుతానన్న బిడ్డకు ఏమని చెప్పాలి?

 

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే వేసవిలో మన ఇళ్ళల్లో జరిగే చర్చ అందరికీ తెలిసిందే. ఇంజనీరింగా, మెడిసినా, ఫార్మసీయా? ఈ మాటల మధ్య ఓ బిడ్డ నెమ్మదిగా, "అబ్బా, నేను ఫిజిక్స్ చదువుతాను. తర్వాత ఆస్ట్రోఫిజిక్స్ చేస్తాను" అంటే అందరూ ముఖముఖాలు చూసుకుంటారు. "చుక్కలు చూసి జాతకాలు చెప్పే చదువా? తౌబా!" అంటుంది దాదీమా. "ఆ చదువు తిండి పెడుతుందా?" అంటాడు తండ్రి. "ఆ పుస్తకాల్లో పడి ఈమాన్ పోగొట్టుకుంటే?" అని తల్లి లోలోపల కుమిలిపోతుంది. ఈ మూడు ప్రశ్నలూ బిడ్డ మీది ప్రేమతో పుట్టినవే. కనుక వీటిని కొట్టిపారేయకుండా ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

మొదటిది దాదీమా ప్రశ్న. జ్యోతిషం వేరు, ఖగోళశాస్త్రం వేరు. గ్రహాలు మనిషి అదృష్టాన్ని నిర్ణయిస్తాయని నమ్మడం తౌహీద్‌కు విరుద్ధం. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే సూర్యచంద్రులు ఏ లెక్క ప్రకారం నడుస్తున్నాయో తెలుసుకోవడం మన పెద్దలు వదిలేసిన విద్య కాదు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో 'ఇల్మె హైఅత్' పేరుతో ఖగోళశాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉండేది. తస్రీహ్, షర్హె చగ్మీనీ అనే గ్రంథాలను మదరసాల్లో బోధించేవారు. నమాజు వేళలు, ఖిబ్లా దిశ, నెలవంక లెక్కలు అన్నీ ఈ విద్యతో ముడిపడి ఉన్నవే.

ఇక తల్లి భయం. దీనికి జవాబు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలోనే ఉంది. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన చిన్నారి కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం (ర) మరణించారు. అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. అది క్రీ.శ. 632 జనవరి 27 అని ఖగోళ గణనలు తెలుపుతున్నాయి. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడు సైతం దుఃఖిస్తున్నాడని ప్రజలు అనుకోసాగారు.

సోదరులారా! ఒక్క క్షణం ఆలోచించండి. ఆ మాట విని ఆయన (స) మౌనంగా ఉంటే చాలు, ఒక గొప్ప మహిమగా అది ప్రచారమై ఉండేది. కాని కుమారుణ్ణి పోగొట్టుకున్న ఆ బాధలో కూడా ఆయన ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుకోసమో, ఎవరి పుట్టుకకోసమో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. గ్రహణం చూసినప్పుడు నమాజు చేయమని, అల్లాహ్‌ను వేడుకొమ్మని ఆదేశించారు. మూఢనమ్మకాన్ని తుంచివేసిందీ ఆయనే, గ్రహణ సమయంలో సుదీర్ఘంగా నమాజులో నిలిచిందీ ఆయనే. ఈ రెండూ పరస్పర విరుద్ధం కావు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) కూడా 'తహాఫుతుల్ ఫలాసిఫా' ముందుమాటలో గ్రహణాల ఉదాహరణనే ఎత్తుకున్నారు. తత్వవేత్తలను ఖండించడానికి రాసిన ఆ గ్రంథంలోనే, గణితంతో రుజువైన గ్రహణ కారణాలను కాదనడమే ధర్మరక్షణ అనుకునేవాడు ధర్మానికి అపకారం చేస్తున్నాడని హెచ్చరించారు. కళ్ళెదుట రుజువైన విషయం ధర్మానికి విరుద్ధమని మనం చెబితే, వినేవాడు లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు. కనుక బిడ్డ ఈమాన్‌కు నిజమైన ముప్పు ఫిజిక్స్ పుస్తకంలో లేదు. "అడగకు, నోరు మూసుకో" అనే మన జవాబులో ఉంది.

దీనికి మరోవైపు కూడా ఒక పొరపాటు జరుగుతోంది. పత్రికల్లో ఏ కొత్త సిద్ధాంతం కనిపించినా, "ఇది మా గ్రంథంలో ఎప్పుడో ఉంది" అని ఆయతులకు అతికించేవారు పెరిగారు. సిద్ధాంతాలు మారుతుంటాయి. నేడు అతికించినది రేపు ఊడిపోతే నష్టం ఎవరికి? తన ఇంటి విషాదానికే మహిమను అంటగట్టనివ్వని ప్రవక్త అనుచరులకు ఈ తొందరపాటు తగదని మా విన్నపం.

ఇంతకూ ఈ చదువులో ఏముంటుంది? బ్రిటన్‌లోని అనేక విశ్వవిద్యాలయాల్లో 'ఫిజిక్స్ విత్ ఆస్ట్రోఫిజిక్స్' పేరుతోనే డిగ్రీ ఉంది. మన దగ్గర సాధారణంగా లెక్కలు, ఫిజిక్స్‌తో బి.ఎస్సీ చేసి, ఎమ్మెస్సీలోనో, పరిశోధనలోనో ఈ శాఖకు వెళతారు. యంత్రశాస్త్రం, విద్యుదయస్కాంతం, ఉష్ణశాస్త్రం, క్వాంటం, వీటన్నిటికీ తోడు గట్టి గణితం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్. చేయి చాచినా అందని నక్షత్రం గురించి దాని వెలుగునుబట్టే తెలుసుకోవడం ఈ విద్య సారాంశం.

దీనికి మన నేలమీదే ఓ నిదర్శనముంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుండి పరిశీలించారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని రంగులుగా విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. అందులోని ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందదని తర్వాత తేలింది. అదే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో. అంటే 27 ఏళ్ళ ముందే దాని జాడ సూర్యకాంతిలో కనిపించిందన్నమాట!

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ ప్రపంచదేశాలు కలిసి చేపట్టిన నక్షత్రపట నిర్మాణంలో పాలుపంచుకుంది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. అదే ఉస్మానియాలో ఆనాడు సైన్సు పాఠాలు ఉర్దూలో సాగేవి. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు.

చివరగా తండ్రి ప్రశ్న. ఇందులో దాపరికం పనికిరాదు. ఇది దీర్ఘకాలపు దారి. డిగ్రీ, ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ అంటే దాదాపు పదేళ్ళు. పరిశోధన కొలువులు తక్కువ, పోటీ ఎక్కువ. అయితే దారిలో ఆసరా లేకపోలేదు. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ నిర్ణయించారు. తిరుపతిలో 2015లో ఐసర్ ప్రారంభమైంది. బెంగుళూరు, పుణేల్లో ఖగోళ పరిశోధనకే అంకితమైన సంస్థలున్నాయి. పరిశోధన కుదరకపోయినా ఈ చదువు నేర్పే లెక్క, ప్రోగ్రామింగ్ బోధనలోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ అన్నం పెడతాయి. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్, ప్రయత్నం మన బాధ్యత. బిడ్డకు లెక్కల మీద నిజమైన ఆసక్తి, ఓపిక ఉన్నాయా అని చూడండి. ఉంటే అడ్డుపడకండి. అడిగింది కూతురైతే ఆమె మాటనూ అదే తూకంతో తూచండి.

ఈ చదువు ఇంటికి తెచ్చే మేలు కూడా చిన్నది కాదు. గ్రహణం రోజున గర్భిణి కత్తి పట్టుకుంటే బిడ్డకు మొర్రి వస్తుందనే భయం మన ఇళ్ళల్లోనూ ఉంది. ఆ భయాన్ని ప్రేమతో పోగొట్టగలిగేది ఆ ఇంటి బిడ్డే.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీకూ ఒక మాట. 2027 ఆగస్టు 2 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పవిత్ర మక్కా మీదుగా సాగుతుందని శాస్త్రజ్ఞులు ముందే లెక్కగట్టారు. పట్టు ఎప్పుడో, విడుపు ఎప్పుడో సెకన్లతో సహా చెప్పగలిగినవాడు కూడా ఆ వేళ వజూ చేసుకొని నమాజులో నిలబడవలసినవాడే. లెక్క తెలిసిందన్న గర్వం వద్దు. ఆ లెక్క తప్పకుండా నడిపిస్తున్నవాడెవరో మరువకండి. తెలియనిది తెలియదనండి, రుజువైనది ఉన్నదున్నట్టు చెప్పండి.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను, వినయం నిండిన హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.