సహాధ్యాయి - సత్సంగం

గురువు చెప్పిన పాఠం విద్యార్థి చెవిని చేరుతుంది; సహాధ్యాయి అన్న మాట మనస్సును చేరుతుంది. ఉన్నత పాఠశాలలో చదివే వయస్సులో ఈ భేదం మరీ స్పష్టం. సత్సంగ మహిమను మన పెద్దలు ఊరక కీర్తించలేదు.

భాగవత సప్తమ స్కంధాన్ని స్మరించండి. చండామార్కులు గృహకార్యాలలో ఉన్న వేళ దైత్యబాలురు ప్రహ్లాదుణ్ణి ఆటకు పిలిచారు. ఆ పరమభాగవతుడు వారిని తిరస్కరించలేదు, దూరంగా తొలగిపోనూలేదు. చిరునవ్వుతో చేరబిలిచి హరిభక్తిని ఉపదేశించాడు. వారు ఆటవస్తువులు విడిచి చుట్టూ చేరారు. గురువులు నేర్పినదానిని కాదని, తోటివాడు చెప్పిన తత్త్వాన్నే గ్రహించారు.

ఆ శక్తి ఎటు నడిపితే అటు నడుస్తుంది. 12వ శతాబ్దపు పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు కారెంపూడి రణరంగానికి కదలగానే, నానా కులాల చెలికాండ్రు వెంట కదిలారు. ఉపాయంతో వెనుకకు పంపబడిన అనపోతు ఆ ఎడబాటును సహింపలేక ప్రాణమే విడిచాడు. ఆ వయస్సులోని మమకారం మృత్యుముఖానికైనా వెంట నడిపిస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

శాస్త్రజ్ఞులూ దీనిని పరీక్షించారు. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో జరిపి 2005లో ప్రకటించిన ప్రయోగంలో, కారు నడిపే ఆట ఆడిన కుర్రవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పటికంటె తోటివారి సమక్షంలో ఎక్కువ దుస్సాహసం చేశారు. పెద్దలలో అంతటి మార్పు కానరాలేదు. బడి ఎగవేయడమైనా, పరీక్షలో చూచివ్రాయడమైనా అంతే. ఒంటరిగా జంకేవాడు గుంపులో జంకడు.

అట్లని బిడ్డను స్నేహితులనుండి వేరుచేయడం తరుణోపాయం కాదు. మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులాలవారినీ ఒకే పంక్తిన కూర్చుండబెట్టాడని ప్రసిద్ధి. చదువుకూ అట్టి పంక్తి కావాలి. నరసరావుపేటలోగాని, గురజాలలోగాని, ఏ పల్లెలోగాని, సాయంకాలం మీ ఇంట నలుగురు పిల్లలను చేర్చి చదివించండి. లెక్కలు వచ్చినవాడు రానివానికి చెబితే, వినేవానికి తెలుస్తుంది, చెప్పేవానికి స్థిరపడుతుంది. వెనుకబడిన పిల్లవాణ్ణి మాత్రం ఆ పంక్తినుండి లేపకండి. మనం లేపితే, వానికి చోటిచ్చే గుంపు వేరొకటి కాచుకొని ఉంటుంది.

మన బిడ్డకు మంచి స్నేహితుణ్ణి ప్రసాదించుమని స్వామిని వేడుకుంటాం. మరొకరి బిడ్డకు మన బిడ్డ అట్టి స్నేహితుడు కావాలనీ వేడుకుందాం.