మిగిలిన రొట్టె ఎవరిది?



ఈ వారం వీడియోలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల కారం చేసి చూపించాం. అమ్మ పిండి కలుపుతుంటే పక్కన మాట్లాడుకున్న మాటల్లో ఒకటి మన సంఘాల్లో అందరం అనేదే: పొదుపుగా బతకడం కూడా భక్తే. వీడియోలో దాని గురించి ఆగి మాట్లాడేంత టైమ్ ఉండదు. ఇక్కడ కొంచెం తీరిగ్గా అడుగుదాం. పొదుపు నిజంగా భక్తేనా? లేక చేతిలో లేనప్పుడు తప్పక చేసే పనికి, చేతిలో ఉన్నోళ్లం పెట్టుకున్న మంచి పేరా?

మా వైపు ఈ ప్రశ్న ఊరికే వచ్చేది కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో వేరే జిల్లాలయ్యాయి గానీ మా పెద్దోళ్లకు ఇప్పటికీ అంతా పాలమూరే. కృష్ణ, తుంగభద్ర రెండూ పక్కనుంచే పోతాయి. నీళ్లు మాత్రం చాలా ఏళ్లు చేలకు ఎక్కలేదు. పనికోసం బొంబాయి బస్సెక్కిన ఊళ్లు ఇవి. ఇక్కడ పొదుపు ఎవరూ ప్రసంగంలో నేర్పలేదు. అవ్వ కాలంలో జొన్న గట్క, అంబలి, రొట్టె, ఇవే తిండి. వరన్నం పండక్కో పెండ్లికో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక అన్నం రోజువారీ తిండి అయింది. 2025 ఉగాదికి మొదలైన పథకంతో రేషన్ షాపులో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. ఈ లోపల జొన్నల సంగతి తిరగబడింది. హైదరాబాద్‌లో సాయంత్రం పూట రోడ్డు పక్కన పెనం పెట్టుకుని ఆడోళ్లు జొన్నరొట్టెలు చేస్తుంటే, బండ్లు ఆపి కొనుక్కుపోయేది మా ఆఫీసుల వాళ్లే. షుగర్ వచ్చింది కదా మరి!

అంటే అదే రొట్టె అవ్వ తింటే లేమి, నేను తింటే సింపుల్ లైఫ్. రొట్టెలో ఏ మార్పూ లేదు. కాబట్టి తక్కువ ఖర్చు తిండి తిన్నంత మాత్రాన అందులో భక్తి ఉందని నేననుకోను. ఉంటే గింటే అది వేరే చోట ఉండాలి.

యోహాను సువార్త 6వ అధ్యాయం తీయండి. ఐదువేల మందికి పెట్టిన రొట్టెలు యవల రొట్టెలని యోహాను ఒక్కడే చెప్తాడు. యవలు అంటే ఆ దేశంలో పేదోళ్ల గింజ, మనకు జొన్న ఎట్లనో అట్ల. అందరూ కడుపునిండా తిన్నాక ప్రభువు శిష్యులకు ఒక పని చెప్పాడు: మిగిలిన ముక్కలు ఏరండి, ఏదీ పాడవకూడదు. పన్నెండు గంపలు నిండాయి.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి నాకిది కొంచెం వింతగా కనిపిస్తుంది. మా పనిలో స్టోరేజీ చవకైతే పాత ఫైళ్లు ఎవరూ తీసేయరు. బిల్లు పెరిగినప్పుడే మేనేజర్‌కి శుభ్రత గుర్తొస్తుంది. కొరత ఉంటేనే పొదుపు, ఇది లోకం లెక్క. ఇక్కడ చూస్తే, ఐదు రొట్టెల్ని ఐదువేల మందికి సరిపెట్టినవాడికి కొరతే లేదు. కావాలంటే రేపు మళ్లీ చేయగలడు. అయినా ముక్కలు ఏరమన్నాడు. అంటే ఆయన పొదుపుకు కారణం లేమి కాదు. ఆ రొట్టె ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాడు దాన్ని నేలమీద వదలడు, అంతే అనిపిస్తుంది నాకు.

అవ్వ వంటిల్లు ఈ పద్ధతిలోనే నడిచేది. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్లోకి, బర్రెకు. పప్పు ఉడికిన కట్టు చారులోకి. రాత్రి మిగిలిన రొట్టెను పొద్దున చిదిమి, బెల్లం, పల్లీల పొడి కలిపితే మలీద. పిల్లలకు అది పండగే. అన్నం మిగిలితే మజ్జిగ పోసి చద్దన్నం. మాంసం దొరికిన రోజు కొంత వండి, మిగతాది ఉప్పు పట్టించి తీగ మీద ఎండేసేది. ఫ్రిజ్ లేని ఇండ్లల్లో ఒట్టి తునకలు అట్లనే వచ్చాయి. పుంటికూర పెరట్లోదే. ఏమీ లేని రోజు ఉల్లిగడ్డ, ఎండు మిర్చి దంచి ఉల్లికారం, పొయ్యి కూడా వెలిగించక్కర్లేని పచ్చిపులుసు. ఇప్పుడు గద్వాలలో పొద్దున హోటల్‌కు పోయి తినే ఉగ్గాని కూడా ఏముంది, బొరుగులు నీళ్లల్లో తడిపి పోపేసేదే. చవక తిండిని రుచిగా చేయడం తెలివి. అది తెలిసినోళ్లకు దండం పెట్టాలి. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు.

పేచీ రొట్టె దగ్గరే వస్తుంది. జొన్నపిండికి గోధుమలాగ సాగే గుణం లేదు. మరిగిన ఎసరు పోసి కలపాలి, పిండి ఆరకముందే బాగా పిసకాలి, ఒక్కో రొట్టె అరచేత్తో తట్టాలి, పెనం మీద వేసి పైన తడిబట్టతో నీళ్లు అద్దాలి. వేడిగా తింటేనే బాగుంటుంది. అంటే ఇంట్లో అందరూ తింటున్నంత సేపు చేసేవాళ్లు పొయ్యి దగ్గరే ఉండాలి. వాళ్ల వంతు వచ్చేసరికి కూర అడుగంటి ఉంటుంది, ఆకలి చచ్చిపోయి ఉంటుంది. "బయట కొంటే ఎంత, ఇంట్లో చేసుకుంటే ఎంత" అని మనం లెక్క చెప్పేటప్పుడు పిండి ఖరీదు వేస్తాం, గ్యాస్ వేస్తాం. తెల్లారుజామున లేచిన మనిషి రెండు గంటలు ఏ గడిలోనూ వేయం. ఆ గడి ఖాళీగా ఉంది కాబట్టే ఇంటి వంట అంత చవగ్గా తేలుతుంది. మగోళ్లం పొదుపు గురించి సాక్ష్యం చెప్తుంటే నాకు అందుకే కొంచెం ఇబ్బంది. పొదుపు చేసింది ఒకరు, సాక్ష్యం ఇంకొకరిది.

నిర్గమకాండం 16లో మన్నా సంగతి అందరికీ తెలిసిందే. రేపటికని దాచుకున్నోళ్లకు అది పురుగు పట్టి కంపు కొట్టింది. దీన్నిబట్టి దాచుకోవడమే అవిశ్వాసం అనే బోధ నేను విన్నాను. అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. ఆరో రోజు రెండింతలు ఏరుకుని దాచినా అది పాడవలేదు, పురుగు పట్టలేదు. అదే మన్నా, అదే దాచడం. తేడా ఏంటంటే మొదటిది రేపు దేవుడిస్తాడో లేడోనన్న భయంతో దాచింది. రెండోది మరునాడు ఎవరూ పనిచేయకుండా విశ్రాంతి తీసుకోవడానికి దాచింది.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడ కొంత దొరికిందనుకుంటున్నా. ఒక ఇంటి పొదుపు మంచిదా కాదా అంటే, దానివల్ల ఎవరికి విశ్రాంతి దొరికింది, ఎవరి విశ్రాంతి పోయింది అని చూడాలి. మాకు పక్కనే ఉన్న రాయచూరు వైపు రొట్టెను పల్చగా తట్టి, గట్టిగా కాల్చి ఆరబెడతారు. అట్లాంటివి ఎన్నో రోజులు నిలుస్తాయి. శనివారం అవి చేసి పెట్టుకుంటే ఆదివారం పొద్దున పొయ్యి జోలికి పోయే పనిలేదు. పల్లీల పొడి, పెరుగు ఉంటే చాలు. అమ్మ మొదటి పాట నుంచి చర్చిలో ఉంటుంది. మన సంఘాల్లో సగం ఆడోళ్లు ప్రసంగం మధ్యలో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వెనక చాప మీద కూర్చోవడం మీరూ చూసే ఉంటారు. ఇది చాలా చిన్న విషయమే, కానీ ఆరో రోజు మన్నా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. అదే యోహాను 12వ అధ్యాయంలో మరియ విలువైన అత్తరు ప్రభువు పాదాలకు పూస్తే, మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని అడిగింది యూదా. దేనారం అంటే కూలికి ఒక రోజు జీతం. దాదాపు ఏడాది కూలి. లెక్క ప్రకారం అతను అన్నది తప్పేం కాదు. అతను దొంగ కాబట్టి అన్నాడని యోహాను రాశాడు. కానీ మత్తయి సువార్త చూస్తే శిష్యులందరూ అట్లనే కోప్పడ్డారు. అంటే మంచోళ్ల నోట కూడా ఆ మాట వస్తుంది. ఆరో అధ్యాయంలో ముక్క కూడా వృథా కానివ్వని ప్రభువు, పన్నెండులో ఆ ఖర్చును ఆపలేదు, ఆమె జోలికి పోవద్దన్నాడు. మన పొదుపు మనం తినే ముక్కల మీద ఉండాలి గానీ పక్కవాళ్ల ప్రేమ మీద కాదు. గద్వాల చీర చూడండి, ఒళ్లంతా నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఆ పట్టు దండగని ఏ నేతగాడూ అనడు. ఏడాదికొకసారి కూతురు పుట్టింటికొస్తే కోడి కోసే ఇంటికి వెళ్లి బడ్జెట్ చెప్పకండి దయచేసి.

ఇక పిడికెడు బియ్యం. తెలుగు సంఘాల్లో చాలా చోట్ల ఉన్న అలవాటు ఇది: వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, నెలకో వారానికో చర్చికి తేవడం. మిజోరాంలో సంఘాల స్త్రీలు 1910 నుంచి ఇదే చేస్తున్నారు. దాన్ని బుహ్ఫాయ్ థమ్ అంటారు. అక్కడ సువార్త పనికి దీని ఆదరణ చాలా పెద్దది. చేతిలో నగదు లేని ఆడోళ్లు ఇవ్వగలిగింది ఇదొక్కటే, ఇచ్చారు. నాకు దీనిమీద చాలా గౌరవం ఉంది.

గౌరవం ఉంది కాబట్టే ఒక మాట. సారెపతు విధవరాలి కథ (1 రాజులు 17) చెప్పి, ముందు నాకు అప్పం చేసి పెట్టమని ఏలీయా అన్నట్టు, ఉన్న చివరి పిడికెడు కూడా తెమ్మని కొందరు ప్రసంగిస్తారు. ఏలీయా ఆ ఇంట్లోనే ఉండి, వాళ్లతో కలిసి అదే పిండి తిన్నాడని మాత్రం చెప్పరు. మార్కు 12లో రెండు కాసులు వేసిన విధవరాలి కథా అంతే. దానికి సరిగ్గా ముందు వచనంలో ప్రభువు తిట్టింది విధవల ఇండ్లు దిగమింగే శాస్త్రులను. ఆ రెండూ కలిపి చదివితే ఆ కథ కానుకలు పెంచడానికి పనికిరాదు.

అమ్మను దీని గురించే అడిగాను: ఆ పిడికెడు ఎవరి వాటాలోంచి పోతుందని. నా లాజిక్ ఏంటంటే, బియ్యం వండకముందే తీస్తున్నాం కాబట్టి అందరి కంచాల్లో తలా కొన్ని మెతుకులు తగ్గుతాయి, భారం సమానం. అమ్మ నవ్వింది. "కుండలో తక్కువైతే ఆఖర్న తినేటోళ్లకే తక్కువైతది గదరా" అంది. అయినా ఆపనంది. ఎందుకంటే ఇంట్లో ఎవరినీ అడగకుండా తన చేత్తో తాను ఇచ్చేది అదొక్కటే అట. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇవ్వడాన్ని ఆపే హక్కు నాకు లేదు. ఆమె ఆఖర్న తినడాన్ని ఆపే పని మాత్రం మాది, నాయినదీ నాదీ.

ఒక పుస్తకం సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో చాలా మంది ఎం.బి. చర్చి వాళ్లు, అంటే మెనొనైట్ బ్రెదరెన్. 1899లో అమెరికా నుంచి వచ్చిన ఈ మిషనే వనపర్తిలో, తర్వాత గద్వాలలో పనిచేసింది. ఆ మెనొనైట్లలోనే డోరిస్ జాన్సెన్ లాంగేకర్ అనే సోదరి 1976లో 'మోర్ విత్ లెస్' అని వంటల పుస్తకం తెచ్చారు. 1970లలో ప్రపంచంలో తిండి కరువు వచ్చినప్పుడు, మెనొనైట్ సెంట్రల్ కమిటీ అమెరికా, కెనడాల్లోని తమ కుటుంబాలను తిండి మీద, ఖర్చు మీద పది శాతం తగ్గించుకోమని కోరింది. ఆ పిలుపులోంచి వచ్చిన పుస్తకం. మాంసం తగ్గించి పప్పులు, గింజలు తినమంటుంది. నలభై నిండకుండానే, 1979లో ఆమె చనిపోయారు. పేదోళ్లను ఇంకా తగ్గించుకోమనకుండా, ఉన్నోళ్ల కంచాన్ని చూపించి అడగడం నాకు ఆ పుస్తకంలో నచ్చింది.

దశమభాగం ఇవ్వడం మనకు అలవాటే. జీతం పడగానే తీసి పక్కన పెడతాం, మిగతా తొంభై మనదే అనుకుంటాం. తినేదాంట్లో పది తగ్గించడం వేరే సంగతి. పైగా నేను ఒక పూట స్విగ్గీ మానేస్తే ఆ డబ్బు దానంతటది ఎవరి కంచంలోకీ పోదు, నా ఖాతాలోనే పడి ఉంటుంది. దాన్ని నేనే తీసుకెళ్లి ఎవరికో ఇవ్వాలి. పన్నెండు గంపలు ఏరించాడని రాసిన యోహాను, అవి తర్వాత ఎవరు తిన్నారో రాయలేదు. మా ఇంట్లో ఈ నెల నుంచి నేను మానేసిన ఆర్డర్ల డబ్బు ఒక కవర్లో వేస్తున్నాం. అది ఎక్కడికి పోవాలో తేల్చేది అమ్మే. మొదటి నెలది ఆమె ఇంకా తేల్చలేదు. రెండు రోజులుగా మా వీధి చివర, కొడుకు బొంబాయి పోయిన ఒక ఇంటి గురించి మాట్లాడుతోంది.