తీగ కింది చెట్టు: హింస ఎక్కడ మొదలవుతుంది?

కరెంటు తీగలకు తగులుతున్న చెట్టును కొట్టడం హింసా, రక్షణా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మారేడు దళాలతో రాజన్నను కొలిచే వేములవాడలో ఈ విచారణ పాతదే. వేములవాడ చాళుక్యుల కాలపు జైనాచార్యుడు సోమదేవసూరి 959లో ‘యశస్తిలకం’ పూర్తిచేశాడు. పిండితో చేసిన కోడిని బలి ఇచ్చినా, చంపాలన్న సంకల్పం పాపమే అన్నది అందులోని కథాసారం.

జైనం ప్రకారం చెట్టు ఏకేంద్రియ జీవం, మనిషి పంచేంద్రియ జీవి. ఉమాస్వాతి ‘తత్త్వార్థసూత్రం’ హింసకు మూలం ‘ప్రమాదం’ అంటుంది. సంస్కృతంలో ఆ మాటకు ఏమరుపాటు అని అర్థం. తెలుగులో అదే ఆపదకు పేరైంది.

ఏమరుపాటే కొలతగా చూస్తే, కొమ్మ తీస్తే సరిపోయేచోట మొదలు నరకడం అనవసర హింస. తీగ కంటే ముందే ఉన్న చెట్టును తొలగిస్తే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ చెబుతోంది.

మనిషి ప్రాణం విషయంలో ఏమరుపాటుకు చోటే లేదు. పచ్చికొమ్మలోని తడి గుండా కరెంటు పారుతుంది. 11 కేవీ తీగకు మరీ దగ్గరైతే, తాకకపోయినా ప్రాణం పోవచ్చు. అందుకే ముందు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలి, తీగలో సరఫరా లేదని పరీక్షించాలి, పనిచోటికి రెండువైపులా ఎర్తింగ్ చేయాలి. ఆ తర్వాతే గొడ్డలి పట్టాలి.

ఎల్సీ లేకుండా కూలీని చెట్టెక్కించడం తెలిసి చేసే హింస.